చెంగప్ప చేలో రోమన్ కాసు

కోలారు బంగారు గనుల ఊరికి నేను వేడుక చూడ్డానికి వెళ్ళలేదు. ముప్పై అయిదేళ్ళ కిందట నా బల్ల ముందు పావుగంట నిలబడి వెళ్ళిపోయిన ఒక మనిషిని వెతుక్కుంటూ వెళ్ళాను. మొన్న మార్గశిరంలో మూడు రోజులు ఆ వైపు తిరిగాను. ఎప్పుడూ అటు వెళ్ళని వాళ్ళకు ఊరు కొంచెం తెలుస్తుందనీ, నేను చేసిన పని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలనీ ఇది రాస్తున్నాను.

ముందు ఆ పని సంగతి చెప్పాలి. అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. చిత్తూరు వైపు ఒక చిన్న మ్యూజియంలో పాత నాణేలు చూసి అవి ఏ కాలానివో రాసిపెట్టే ఉద్యోగం. ఒక మధ్యాహ్నం చెంగప్ప అనే ఆయన వచ్చాడు. కోలారు గనుల్లో పని చేస్తాననీ, సొంత ఊరు నంగలి పక్కన పల్లె అనీ చెప్పి, సెలవులో రాగి పైరుకు దుక్కి దున్నుతుంటే నాగలి కర్రుకు తగిలిందని ఒక బంగారు కాసు నా ముందు పెట్టాడు. ఏడు గ్రాముల పైచిలుకు బరువు. ఒకవైపు రోమన్ చక్రవర్తి తల. చుట్టూ లాటిన్ అక్షరాలు ఉండాల్సిన చోట చీమలు పాకినట్టు అర్థంలేని గీతలు. చక్రవర్తి ముక్కు నుంచి అంచు దాకా వెంట్రుక మందాన ఒక గీత ఉబ్బి ఉంది. అక్షరాలు తప్పు కాబట్టి అసలుది కాదనుకున్నాను. ఆ ఉబ్బిన గీత పోత పోసిన మూసలో పగులు అనుకున్నాను. భూతద్దం సొరుగులోనే ఉంది. తీయలేదు. నోటుబుక్కులో బొమ్మ గీసుకుని, ఆయన చిరునామా రాసుకుని, ఒక కాగితం మీద ఇది ఈ కాలంలో పోత పోసిన నకిలీ అని ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఆయనకు ఇంగ్లీషు వచ్చా రాదా అని అడగలేదు, అందులో ఏముందో నోటితో చెప్పనూ లేదు. ఆయన ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుని, మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకుని వెళ్ళాడు.

పద్నాలుగేళ్ళ కిందట, వేరే జిల్లాలో కాలవ తవ్వుతుంటే దొరికిన కుండలోని నాణేలు చూసే పని నాకు పడింది. అసలైన రోమన్ కాసుల మధ్య కొన్ని వేరుగా ఉన్నాయి. వెనకటి రోజుల్లో మిరియాలకూ బట్టలకూ బదులుగా రోము బంగారం మన తీరానికి వచ్చేది. ఆ కాసుల మీద మోజుతో మనవాళ్ళే, లిపి చదవడం రాకపోయినా, చూసింది చూసినట్టు ఇనుప అచ్చుల మీద చెక్కి, మంచి బంగారంతోనే కాసులు కొట్టించుకుని నగల్లో వేసుకునేవారు. అవీ దాదాపు రెండు వేల ఏళ్ళ నాటివే. ఈ సంగతి నేను ఉద్యోగంలో చేరేనాటికే పెద్దలకు తెలుసు. చదవకపోవడం నా తప్పు. ఆ కుండలోని ఒక కాసు మీద ముక్కు నుంచి అంచు దాకా గీత కనిపించింది. ఇంటికి వచ్చి పాత నోటుబుక్కు తీశాను. అదే గీత, అవే చీమల అక్షరాలు, గడ్డం కింద అదే చుక్క. అచ్చు కొట్టీ కొట్టీ బీటలు వారితే, ఆ బీట ప్రతి కాసు మీదా ఉబ్బెత్తు గీతై పడుతుంది. రెండూ ఒకే అచ్చులో పుట్టాయి. నకిలీ అనడానికి నేను పట్టుకున్న గుర్తే అది పురాతనమైనదని సాక్ష్యం చెప్పింది.

తెలిశాక కూడా వెళ్ళలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ తప్పు ఒప్పుకుంటే ఏమవుతుందోనని, రిటైరయ్యాక ఇప్పుడెందుకులే అని. ఈ మధ్య కుడికంటి చూపు బాగా తగ్గింది. ఇంకా చూడగలిగినప్పుడే వెళ్ళాలనిపించి బయల్దేరాను.

బంగారుపేట

తెల్లవారి బంగారుపేటలో దిగాను. మా గుంటూరు వైపు మార్గశిరం అంటే దుప్పటి చాలు. ఇక్కడ స్టేషన్లో కాఫీ అమ్మే ఆయన దగ్గర నుంచి అందరూ చెవులకు ఉన్ని టోపీలు పెట్టుకున్నారు. కాఫీ పదిహేను రూపాయలు, గ్లాసు చిన్నది, డికాక్షన్ చిక్కన.

గనుల ఊరికి వెళ్ళే చిన్న రైలు దాదాపు ఖాళీ. ఎదురుగా వచ్చిన రైలు మాత్రం తలుపుల దాకా మనుషులు. బెంగుళూరు పనులకు వెళ్ళేవాళ్ళట. నా ఎదుట ఖాకీ చొక్కా మనిషి ఒకడు రాత్రి డ్యూటీ దిగి ఇంటికి వెళ్తున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. నా సంచీ పైన పెట్టడానికి సాయం చేసి, తనే మాట కలిపాడు.

"యాడికి పోవాలప్పా?"

చాంపియన్ రీఫ్స్ అన్నాను. ఆ పేరు ఒక గనిది, దాని చుట్టూ పుట్టిన పేటది కూడా.

"ఇప్పుడు ఆడ ఎవరుండారు సార్. గనులు మూసినాక మేమంతా ఈ రైలుకే పుట్టినట్టు ఉండాము. మా నాయన దినమూ భూమి లోపలికి దిగి పని చేసినాడు. నేను బెంగుళూర్లో పెద్ద బిల్డింగు కింద కార్లు నిలిపే తావులో వాచ్‌మేనుగా ఉండాను. ఇద్దరికీ ఎండ తగల్లేదు."

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. తల కిటికీకి ఆనించి నిద్రపోయాడు. మా వైపు రైల్లో ఎదుటి మనిషితో మాట కలవడానికి కులమో ఊరో ముందు అడుగుతారు. ఇక్కడ ముందు అప్పా అంటారు, తరవాతే ఊరు.

చాంపియన్ రీఫ్స్

స్టేషన్ దాటగానే తెల్లటి గుట్టలు కనిపించాయి. కొండలేమో అనుకున్నాను. రాయిని పిండిచేసి బంగారం తీసుకున్నాక మిగిలిన మట్టి అది, వందేళ్ళకు పైగా పోసి పోసి గుట్టలైంది. గాలి వీస్తే పంటి కింద ఇసక పడుతుంది. వాటి మధ్య గని బావుల మీద నిలిపిన ఇనుప గోపురాలు తుప్పుపట్టి ఉన్నాయి. పైన చక్రం ఉంది, తాడు లేదు.

ఎడమ చెప్పు పట్టీ అక్కడే తెగింది. చెప్పు చేత్తో పట్టుకుని ఒక పర్లాంగు కుంటుకుంటూ నడిచాక, గోడవారన గోనెసంచీ మీద కూర్చున్న చెప్పులు కుట్టే ముసలాయన కనిపించాడు. ముందు తమిళంలో పలకరించాడు. నా ముఖం చూసి తెలుగులోకి మారాడు. కుట్టు వేస్తూ ఎవరు కావాలని అడిగాడు.

"చెంగప్ప అని. గనిలో పని చేసేవారు. నంగలి వైపు వాళ్ళు."

"టింబర్ చెంగప్పనా? లోపల పైరాయి కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. ఆయన నిలబెట్టిన దుంగ కింద మా నాయన బువ్వ తిన్నాడు, భయం లేకుండా." సూది లాగి దారం కొరికాడు. "ఆయన పొయ్యి పన్నెండేండ్లాయ సార్. లోపలి రాతి దుమ్మంతా ఊపిరిలోనే మిగిలిపోయింది. ఆయమ్మ ఉండాది. మూడో లైను, నీళ్ళ కొళాయి పక్కిల్లు."

ఇరవై రూపాయలు తీసుకున్నాడు. చెప్పు వేసుకున్నాక కూడా నేను కాసేపు అక్కడే నిలబడ్డాను. నాకు నిజం తెలిసి పద్నాలుగేళ్ళు. ఆయన పోయి పన్నెండేళ్ళు. మధ్యలో రెండేళ్ళున్నాయి.

మూడో లైను

గనివాళ్ళ ఇళ్ళను లైన్లంటారు. రైలు పెట్టెల్లా ఒకదానికొకటి అంటుకుని వరసగా, ముందు వసారా, వెనక రెండు గదులు. కొన్నింటికి తాళాలు, కొన్నింటికి పైకప్పు రేకు లేదు. కొళాయి పక్కింటి వసారాలో అరవై అయిదేళ్ళ మనిషి ఒకామె చాపమీద కూర్చుని, నానబెట్టిన అనపగింజలు వేళ్ళ మధ్య నొక్కి పొట్టు పితుకుతూ ఉంది. చెంగప్ప భార్య, మునిరత్నమ్మ.

నా పేరు చెప్పి, మ్యూజియం పేరు చెప్పాను. చేతులు ఆగాయి.

"ఆ కాగితం రాసిచ్చింది మీరేనా?"

"నేనేనమ్మా."

చాప అంచు చూపించింది. కూర్చున్నాను. నోటుబుక్కు తెరిచి బొమ్మ చూపించాను, కుండలో దొరికిన కాసు ఫోటో పక్కన పెట్టాను. గీత మీద వేలు పెట్టి చెప్పాను. ఇంగ్లీషు మాటలు రాకుండా, ఆలోచించుకుని, నాకు చేతనైనంత తేలిక మాటల్లో చెప్పాను. మీ ఆయన కాసు నకిలీ కాదు, ఈ కాలంలో ఎవరూ పోత పోసింది కాదు, ఆయన చెప్పినట్టు అది నేలలో దొరికిందే, నేను రాసింది తప్పు అన్నాను.

ఆమె ఫోటో వైపు ఎక్కువసేపు చూడలేదు.

"ఆయప్ప చెయ్యి కడుక్కోకుండా ఆ కాసు తీసుకపొయ్యి వాళ్ళ నాయన చేతిలో పెట్టినాడు. మా బావ ఆడే ఉండాడు. గనిలో బంగారం ఎత్తుకొచ్చి కరగబెట్టి బొమ్మ పోసినాడు అనె. మామ ఒక మాట అన్నాడు, తెలిసినోళ్ళ కాడ రాయించుకోని రా అని. అందుకే మీ తావుకి వచ్చినాడు. మీరు రాసిచ్చినారని సంతోషంగా బస్సులో రెండు మూర్ల మల్లెపూలు గూడా తెచ్చినాడు నాకు. ఊర్లో రచ్చబండ కాడ అందర్నీ పిలిచి, అయివారి చేతికి ఇచ్చి, గట్టిగా చదువు సామీ అన్నాడు."

అయివారంటే బడిపంతులు. ఆయన ఒకసారి తనలో చదువుకుని, చెంగప్పను పక్కకు పిలిచాడట. చెంగప్ప వినలేదు. అందరికీ వినబడాల అన్నాడట. పంతులు చదివి తెలుగులో చెప్పాడు.

"మామ లేచి, నా పాడె నువ్వు ముట్టొద్దు అన్నాడు. అంతే మాట. రెండేండ్లకి మామ పాయె. ఆయప్ప పొయ్యినాడు. ముట్టనీలేదు. మల్బరీ తోటలో నిలబడి పొగ చూసి వచ్చినాడు."

"ఆ కాసు?" అని అడిగాను.

"దొంగ కాసు ఇంట్లో ఎందుకని ఆచారి కాడ కరిగించి పాపకి కమ్మలు చేయించినాము. చెవులు కుట్టిన దినం మావోళ్ళు ఒకరూ రాలేదు. ఆమేలె ఆయప్ప ఆసుపత్రి ఖర్చుకి ఆ కమ్మలూ పాయె." ఆమేలె అంటే ఆ తరవాత అని. పాప అంటే వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. ఇప్పుడు బెంగుళూరులో బట్టల ఫ్యాక్టరీలో పని చేస్తుంది, భర్తతో అక్కడే ఉంటుంది.

తరవాత ఆమె నేను భయపడుతున్న ప్రశ్న అడిగింది.

"ఇది తప్పని మీకు ఎప్పుడు తెలిసినాది?"

అబద్ధం చెప్పడానికి వీలుంది. చెప్పలేదు. "పద్నాలుగేళ్ళయింది."

ఆమె నా వైపు చూసింది. లెక్క ఆమెకూ అర్థమైంది. పళ్ళెంలో మిగిలిన గింజలు పితకడం పూర్తి చేసింది. లేచి లోపలికి వెళ్తూ, "బువ్వ తిని పోండి" అంది.

రాగిసంకటి, పితికిపప్పు పులుసు. నాకు పీట వేసి, తను ఎదురుగా నేలమీద కూర్చుంది. మా వైపు సంకటి లేదు. నేను అన్నంలా నములుతుంటే గొంతుకు అడ్డం పడింది. "నమలకూడదప్పా. పులుసులో అద్ది మింగాల" అంది. అద్ది మింగాను. పులుసు అంత రుచిగా ఉండటం నాకు ఇబ్బందిగా ఉండింది.

చెయ్యి కడిగాక అడిగింది. "రేపు నాతో మా ఊరికి వస్తారా? బావ ఉండాడు. మీరు చెప్పింది ఆయన వినాల. నాకు చెప్పి ఏమి? నాకు ఆ పొద్దే తెలుసు."

బేతమంగళ

గనుల ఊరి బజారు వైపున్న రాబర్ట్‌సన్‌పేటలో లాడ్జిలో పడుకుని, పొద్దున్నే బస్సుకు చేరాను. మునిరత్నమ్మ ఆకుపచ్చ అంచు తెల్లచీరలో ముందే వచ్చి ఉంది. నాకు టికెట్ తనే కొనబోయింది. కర్ణాటకలో ఆడవాళ్ళకు బస్సు ఉచితం కాబట్టి తనది ఎటూ లేదు, నాది కూడా కొంటానంటుంది. కండక్టరు నా డబ్బే తీసుకున్నాడు.

బేతమంగళలో బస్సు టైరు దిగిపోయింది. ముప్పావు గంట. గనుల ఊరికి ఒకప్పుడు తాగునీళ్ళన్నీ ఇక్కడి చెరువు నుంచే వెళ్ళేవి. కట్ట మీదకు నడిచాం. నీళ్ళు గాలికి చిన్నగా కదులుతున్నాయి, దూరంగా కొంగలు. ఒకామె గంపలో వేరుశనక్కాయలు ఉడికించి అమ్ముతోంది. పొట్లం పది రూపాయలు. మునిరత్నమ్మ పొట్లం విప్పి నా వైపే పెట్టింది.

ఆయన ఎలాంటివారో చెప్పమన్నాను. నాకు పావుగంటే తెలుసు.

"మాట తక్కువ. చెవి ఎక్కువ. లోపల రాయి పేలే ముందర సన్నగా చప్పుడు చేస్తాదంట. ఆయప్పకి అది వినబడేది. పదండి అంటే అందరూ వెనక్కి వచ్చేసేవాళ్ళు. ఇంట్లో నిద్రలో గూడా గోడకి చెవి పెట్టేవాడు." నీళ్ళ వైపు చూస్తూ కాయలు ఒలిచింది. "షిఫ్టు దిగి పైకి వస్తే గేటు కాడ దినమూ జేబులు తడిమి పంపేవాళ్ళు. అందరికీ అంతే. ఇరవై ఏండ్ల పైన తడిమినారు. ఒక నాడు గూడా ఏమీ దొరకలేదు. ఊరోళ్ళకి మాత్రం ఒక కాగితం చాలినాది."

ఆ కాగితం రాసినవాణ్ణి పక్కన పెట్టుకుని ఆమె ఆ మాట కోపంగా అనలేదు. ఉన్నది ఉన్నట్టు అంది. డ్రైవరు హారన్ కొట్టాడు.

ముళబాగిలు

బస్సు మారే చోట ముళబాగిలు దోసె తినమని నాకు ముందే చాలామంది చెప్పారు. మందంగా, గుండ్రంగా, కింద కరకర, పైన మెత్తన, మీద వెన్న. మా గుంటూరు దోసెకు దీనికి పోలిక లేదు. మాది పలచన, కారం కోసం ఉన్నది. ఇది దోసె కోసమే ఉన్న దోసె. అరవై రూపాయలు. మునిరత్నమ్మకు కూడా చెప్పాను కానీ ఆమె టీ మాత్రం తాగింది.

"ఆ ఊరికి పోయే దినం నాకు ఏమీ దిగదు. మామ దినాలకి పోయి వచ్చిందే, ఇంగ పోలేదు."

"ముప్పై ఏళ్ళు దాటిందా?"

"దాటినాది. పెండ్లిండ్లకి పిలిచినా పోలేదు. ఎదురుగా ఏమీ అనరు. ఎనక అనుకుంటారు గదా."

నేను సగం దోసె వదిలేశాను. సర్వరు బాగాలేదా అని కన్నడంలో అడిగితే, చాలా బాగుందని తెలుగులో చెప్పాను.

నంగలి పక్కన పల్లె

హైవే మీద దిగి రెండు కిలోమీటర్లు ఆటోలో. ఇటు కర్ణాటక, కాస్త ముందుకు పోతే ఆంధ్ర. కళ్ళంలో రాగి కంకులు ఆరబోసి ఉన్నాయి. చెంగప్ప అన్న నారాయణప్ప ఇంటి ముందు నాలుగు జెర్సీ సీమావులు, వసారాలో పట్టుపురుగులు గూళ్ళు కట్టుకునే వెదురు తట్టలు నిలబెట్టి ఉన్నాయి. డెబ్భై అయిదేళ్ళ మనిషి, పొడవు, నడుము వంగింది. ఆవులకు మేత వేస్తున్నవాడు మునిరత్నమ్మను చూసి చేతిలో గడ్డి అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"మునిరత్నా," అన్నాడు. "రామ్మా. లోపలికి రా."

"ఈడే కూసుంటా బావా. ఈ సారు చెప్పేది విను."

నిన్న ఆమెకు చెప్పినట్టే చెప్పాను. నోటుబుక్కు, ఫోటో, గీత. మధ్యలో ఒక్కసారి కూడా ఆయన ప్రశ్న అడగలేదు. కాదనడానికో తిట్టడానికో నేను సిద్ధపడి ఉన్నాను. చెప్పడం అయ్యాక ఆయన గడ్డి కింద పెట్టి, చేతులు పంచెకు తుడుచుకుని లోపలికి వెళ్ళాడు. చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు చేతిలో పసుపు గుడ్డ మూట. ముడి విప్పి నా అరచేతిలో పెట్టాడు.

బంగారు కాసు.

ఈసారి భూతద్దం తీశాను. ఎండలోకి వెళ్ళి, ముందు అంచు చూశాను. పోత అయితే అంచు చుట్టూ అతుకు గీత ఉంటుంది, పైన గాలి బుడగల సన్న గుంటలు ఉంటాయి. రెండూ లేవు. సమ్మెట దెబ్బకు బంగారం పక్కలకు పారిన గుర్తులున్నాయి. తల, చీమల అక్షరాలు, గడ్డం కింద చుక్క. ముక్కు నుంచి అంచు దాకా గీత. చెంగప్ప కాసు మీద ఆ గీత వెంట్రుక మందం, దీని మీద దారమంత. అచ్చు ఇంకొంచెం బీట వారాక కొట్టిన కాసు. నా కుడికన్ను మసకబారితే ఎడమ కంటితో చూశాను. అనుమానం లేదు.

"అదే అచ్చు," అన్నాను. "ఇది మీకెక్కడిది?"

"కొట్టానికి పునాది తీసినాము. తమ్మునికి దొరికిన చేలోనే, పది అడుగుల దూరాన." నారాయణప్ప నా వైపు కాదు, మరదలి వైపు చూసి చెప్పాడు. "పదహైదేండ్లాయ."

మునిరత్నమ్మ నిదానంగా అడిగింది. "అప్పుడు ఆయప్ప బతికే ఉండాడు గదా బావా?"

"ఉండాడు."

"మరి?"

"ఒక నాడు దీన్ని మొలకి కట్టుకోని బస్సెక్కినాను. బేతమంగళ దాకా వచ్చినాను. ఆడ దిగి, ఎదురు బస్సెక్కి వచ్చేసినాను."

"ఎందుకు?"

ఆయన పక్కనున్న వెదురు తట్టను గోడకు సరిగ్గా ఆనించి పెట్టాడు. "ఏమని చెప్పేదమ్మా. దొంగ అన్నది నేను. నాయన నా మాట పట్టుకోని పొయ్యినాడు. నువ్వు దొంగవి కాదు తమ్ముడా అని చెబితే, మరి నాయన పాడె మోసేది ఇంగోసారి యాడ వస్తాది? రేపు చెబుదాము, పండగ పోనీ అని ఉండినాను. అంతలో కబురు వచ్చినాది."

ఆయన్ను ఏమైనా అనే అర్హత నాకు లేదు. నేను బస్సు కూడా ఎక్కలేదు.

మునిరత్నమ్మ ఆ కాసును చేతిలోకి తీసుకుంది. తిప్పి చూసి, బరువు చూసి, "ఇట్లే ఉండేది" అని ఆయన చేతిలో పెట్టేసింది. ఏడవలేదు. "ఈ మాట ఈడ కూసోని నాకు చెబితే ఏమి వస్తాది బావా. ఆ పొద్దు నలుగుర్లో చదివినారు. నలుగుర్లోనే చెప్పాల."

"ఇప్పుడు రచ్చ యాడుంది? అందరూ కలిసేది సాయంత్రం డెయిరీ కాడే."

"ఆడే చెప్పు."

పాల డెయిరీ

నేలలో దొరికిన పాత బంగారం ప్రభుత్వానికి అప్పగించాలి. ఆ మాట చెబితే నారాయణప్ప ఎదురు చెప్పలేదు. మరుసటి రోజు ఆయనా నేనూ వెళ్ళి తాలూకా ఆఫీసులో ఆ కాసు ఇచ్చి రసీదు తీసుకున్నాం. కానీ ఆ సాయంత్రం అది ఇంకా ఆయన దగ్గరే ఉంది.

డెయిరీ అంటే ఒకే గది. కిటికీలో పాల వెన్నశాతం చూసే మిషను, తూకం, పక్కన సెక్రటరీ. అయిదున్నరకు లైను కట్టారు. స్టీలు క్యాన్లు, ప్లాస్టిక్ బకెట్లు, ఎక్కువమంది ఆడవాళ్ళు, బైకుల మీద కుర్రవాళ్ళు. మునిరత్నమ్మ కొంగు భుజాల చుట్టూ కప్పుకుని గోడ పక్కన నిలబడింది. నారాయణప్ప లైను ముందుకు వెళ్ళి గొంతు సవరించుకున్నాడు.

"ఒక మాట వినండప్పా. నా తమ్ముడు చెంగప్ప దొంగ కాదు. వానికి చేలో దొరికిన కాసు నిజంగా దొరికిందే. ఈ సారు మ్యూజియం ఆయన. అట్లాంటిదే నాకూ దొరికినాది, ఇదిగో. వాన్ని దొంగ అన్నది నేను. నేను చెప్పింది తప్పు."

ఆయన చెయ్యి చాచి కాసు చూపించాడు. నేను ముందుకు వెళ్ళి, ఆనాడు కాగితం రాసింది నేనేననీ, అది తప్పనీ చెప్పాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

మిషను చప్పుడు చేస్తూనే ఉంది. ముందున్న కుర్రవాడు పక్కవాణ్ణి అడిగాడు. "చెంగప్ప అంటే ఎవరురా?"

"ఏమో. నాకేం తెలుసు?"

ఇద్దరు ముగ్గురు కాసు చూద్దామని దగ్గరికి వచ్చారు. ఒకడు ఫోటో తీసుకుని, ఎంత చేస్తుందని అడిగాడు. వెనక నుంచి ఒక ముసలామె మాత్రం క్యాను కింద పెట్టి ఆలోచించింది. "గనికి పొయ్యినాడే, మునెప్ప చిన్నకొడుకు, ఆయప్పనా? బాగా పాటలు పాడేవాడు గదా?"

"ఆయప్ప పాటలు పాడడు అత్తా," అంది మునిరత్నమ్మ.

"మరి ఇంగెవరో," అందామె.

కిటికీలోంచి సెక్రటరీ తల బయట పెట్టాడు. "నారాయణన్నా, కొంచెం జరుగు. లైను నిలిచిపోయినాది."

నారాయణప్ప పక్కకు జరిగాడు. లైను కదిలింది. క్యాన్ల మూతలు తీసే చప్పుడు, తూకం చప్పుడు, రేపటి దాణా బస్తాల గురించి ఎవరో అడగడం. ఆయన గోడవారన కూర్చుండిపోయి, పసుపు గుడ్డ ముడి వేయబోతే రెండుసార్లు జారిపోయింది. మునిరత్నమ్మ వంగి ఆ ముడి వేసి ఇచ్చింది.

ఆయన ఇంట్లో ఉండిపొమ్మన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఆటోలో హైవేకి వచ్చి ఆఖరి వెలుతురులో బస్సు కోసం నిలబడ్డాం. ఆమె గనుల ఊరికి, నేను ముళబాగిలుకు. క్షమించమని అడగడానికి మాటలు కూడబలుక్కుంటున్నాను. ఆమే ముందు మాట్లాడింది.

"వాళ్ళకి ఆయప్ప దొంగ అన్నది గూడా గుర్తు లేదు సారూ. అందరూ అదే అనుకుంటా ఉంటారని ఇన్నేండ్లూ మేము ఈ ఊరి దోవ తొక్కలేదు."

బస్సు లైట్లు కనబడ్డాయి. చీర సర్దుకుని చెయ్యి ఎత్తింది.

"ఆయప్ప అదే అనుకుంటా పాయె."